ఇంజన్‌లో మిగిలిన నీళ్ళు

భవిత కడిగిన గిన్నెలను డిష్‌వాషర్‌లో బోర్లిస్తోంది. ఆ ఇంట్లో డిష్‌వాషర్‌ను ఎవరూ ఆన్ చేయరు. అది గిన్నెలు ఆరబెట్టుకునే బీరువా. ఇడ్లీ రేకులు కింది అరలో, గ్లాసులు పై అరలో. ఇత్తడి గరిటె మాత్రం పొడిగుడ్డతో తుడిచి పొయ్యి పక్కనే పెట్టాలి, లేకపోతే నళిని ఆంటీ దాని గురించి మధ్యాహ్నం దాకా మాట్లాడుతుంది. చివరి గ్లాసు బోర్లిస్తుండగా గ్యారేజీ వైపు తలుపు తెరుచుకుంది.

"పనైందా అమ్మాయ్? నీ చేతులతో పనుంది," అన్నాడు రామమోహనరావు.

"తడిగా ఉన్నాయంకుల్."

"మంచిదే. ఇంకాస్త తడుస్తాయి."

గ్యారేజీ పక్కన ట్రైలర్ మీద పడవ ఉంది. అమెరికాలో అరోరా ఊరి చివర ఆ వీధిలో ఇంకెవరికీ పడవ లేదు. పడవ మధ్యలో పెట్టెలాంటి మూత, దాని కింద ఇంజన్. రామమోహనరావు ఎడమచేత్తో మూత ఎత్తాడు. కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది. ఆ చెయ్యి వణుకుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. ఆయన సర్జన్‌గా చేసి రిటైరయ్యాడు.

"ఇది నది నీళ్ళు తాగి చల్లబడే ఇంజన్. కార్లకు ఉన్నట్టు రేడియేటర్ ఉండదు. చలికాలం వచ్చేలోపు తాగిన నీళ్ళన్నీ కక్కించాలి. లోపల మిగిలితే గడ్డకట్టి ఉబ్బుతాయి. ఇనుము ఆగదు."

భవిత ఇంజన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టింది. మోచేతి దాకా వెళ్ళాక వేళ్ళకు నీళ్ళు వదిలే ప్లగ్ తగిలింది. రెంచ్ బిగించి తిప్పింది. కదల్లేదు.

"లాగకు. మెల్లగా బరువు వెయ్యి. అదే వస్తుంది."

బరువు వేసింది. ప్లగ్ వదులై, తుప్పు నీళ్ళు సన్నగా మొదలై ధారగా పడవ అడుక్కి పడ్డాయి. అక్కడి నుంచి వెనక రంధ్రంలోంచి డ్రైవ్‌వే మీదికి పారాయి. రెండో వైపు ప్లగ్ కూడా తీసింది. ఒక్క చుక్క రాలేదు.

"ఇటు ఖాళీ అంకుల్."

"రాలేదంటే ఖాళీ అని కాదు. తుప్పు అడ్డుపడి ఉంటుంది. ఇదిగో, ఈ తీగ లోపల పెట్టి చూడు. పొడవకు. తడుముతున్నట్టు ఆడించు."

తీగ చివర ఏదో మెత్తగా తగిలింది. ఆడించింది. గబుక్కున నీళ్ళు చిమ్మి ఆమె చేతి మీదుగా చొక్కాలోకి పోయాయి. రామమోహనరావు పెద్దగా నవ్వాడు. ఆయన అలా నవ్వగా ఆమె ఈ మధ్య వినలేదు.

ప్లగ్‌లు మళ్ళీ బిగించాక, పైనున్న గొట్టం ఊడదీసి, గడ్డకట్టనివ్వని గులాబీ రంగు మందు, యాంటీఫ్రీజ్, పోయించాడు. డబ్బా ఎత్తి పట్టుకోవడం భవిత వంతు, ఎప్పుడు ఆపాలో చెప్పడం ఆయన వంతు.

"వచ్చే శనివారం శశికాంత్ వస్తాడు. ఎండాకాలానికి పడవ అతనికి ఇచ్చేస్తున్నాను. ఎట్లా ఉందో చూసుకుంటానన్నాడు. నీ సంగతి కూడా ఫోన్‌లో చెప్పాను. వచ్చినప్పుడు నిన్నూ చూస్తాడు."

"పెళ్ళిచూపుల్లాగా ఉందంకుల్."

"వాటికన్నా కష్టం. ఇందులో కాఫీ బాగుందని ఒప్పుకోరు."

నవ్వింది గానీ డబ్బా పట్టుకున్న చేతులు బిగుసుకున్నాయి. శశికాంత్‌కి పక్క ఊరు నేపర్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. ఎం.ఎస్. అయిపోయాక ఉద్యోగం లేకుండా ఈ దేశంలో ఉండనిచ్చే రోజులు కొన్నే. భవితకి అవి నవంబరు చివర థాంక్స్‌గివింగ్‌తో అయిపోతాయి. ఎన్ని చోట్ల అప్లై చేసినా జవాబు ఒకటే, మర్యాదగా వద్దనడం. ఈ ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటూ వంటా గిన్నెలూ చూసుకుంటున్న నెలల్లో, ఒక మనిషి నీ గురించి ఇంకో మనిషికి చెప్పానని అనడం ఇదే మొదటిసారి.

"అంకుల్, ఆయన ఏమడుగుతారు?"

"నువ్వు చేసే పని సరిగ్గా చేస్తావా అని నన్నడిగాడు. చేస్తుందన్నాను." డబ్బా వైపు చూశాడు. "చాలు, ఆపు."

*

మర్నాడు ఉదయం నళిని పసుపు కుంకుమల పళ్ళెంతో డ్రైవ్‌వే మీదికి వచ్చింది. పట్టుచీర మీద చలికోటు, కాళ్ళకు సాక్సులు, చెప్పులు. దసరాకి ఆ ఇంట్లో కార్లకీ పడవకీ పూజ జరగాల్సింది. సరిగ్గా అప్పుడే తెనాలిలో రామమోహనరావు పెదనాన్న కొడుకు పోయాడు. మైల తీరేసరికి పండగ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆంటీకి జ్వరం. ఇప్పుడు కార్తీకమాసంలో మంచిరోజు దొరికింది.

రెండు కార్లకూ బొట్లు పెట్టి, పడవ స్టీరింగుకి పసుపు రాసింది. ఇంజన్ మూత మీద కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. కార్ల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఒక్కో కారూ తొక్కించాక పడవ వైపు తిరిగింది.

"ఏమండీ, దీన్ని కూడా స్టార్ట్ చేయండి."

"నిన్ననే నీళ్ళన్నీ తీసేశాం నళినీ. మందు పోశాం. ఇప్పుడు స్టార్ట్ చేయకూడదు."

"పూజ చేసిన బండిని కూత కూడా పెట్టించకుండా వదిలేస్తారా? అసలే ఇంకొకరింటికి వెళ్ళేది. నోరు కట్టేసి పంపినట్టుంటుంది."

"చల్లబడటానికి హోస్ పైపుతో నీళ్ళు పెట్టాలి. మళ్ళీ నీళ్ళెక్కుతాయి."

"ఎక్కితే మళ్ళీ తీస్తారు. మీరూ ఆ పిల్లా నిన్న పిక్నిక్‌లాగా నవ్వుకుంటూ చేశారుగా. అరగంట పని."

రామమోహనరావు భార్య ముఖం చూశాడు. పక్కింటి అమెరికన్ ఆవిడ కుక్కతో వెళుతూ చేయి ఊపింది. నళిని కూడా పళ్ళెంతోనే ఊపింది. ఆయన తోట హోస్ తెచ్చి ఇంజన్‌కి తగిలించమని భవితకి చెప్పాడు. తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గి, అందుకుని, వీధంతా వినబడేలా మోగింది. వెనక గొట్టంలోంచి గులాబీ రంగు నీళ్ళు డ్రైవ్‌వే మీదికి చిమ్మాయి. ఆపైన పలచబడ్డాయి, ఆపైన మామూలు నీళ్ళు.

"అంకుల్, మందంతా పోతోంది," అంది భవిత.

"సాయంత్రం మళ్ళీ చేద్దాం."

నళిని కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది.

సాయంత్రం నాలుగున్నరకే మసకేసింది. భవిత కోటు తొడుక్కుంటుంటే నళిని వంటింట్లోంచి కేకేసింది. గుడికి నైవేద్యం బూరెలు. తోపు పిండి పలచనైందో చిక్కనైందో తానొక్కతే చూసుకోలేనంది.

"ఆంటీ, పడవ పని ఉంది."

"పడవ ఎక్కడికీ పోదు. పూర్ణం ఆరిపోతుంది."

"నువ్వుండు. నేను చూసుకుంటాలే," అన్నాడు రామమోహనరావు. "పొట్టలు కోసినవాడికి ఒక ప్లగ్ తీయడం రాదా?"

కిటికీ బయట గ్యారేజీ లైటు వెలిగింది. భవిత పూర్ణాలు ఉండలు చేస్తోంది, నళిని వాటిని తోపులో ముంచి నూనెలో వేస్తోంది. మొదటి వాయి తీయకముందే ఆయన వెనక్కి వచ్చి చేతులు కడుక్కోవడానికి సింక్ దగ్గర నిలబడ్డాడు.

"అయిందా అంకుల్?"

"అయింది."

"రెండో వైపు తీగ పెట్టి చూశారా? అటు అడ్డుపడుతుందిగా."

"నాకు నేర్పుతున్నావా?"

గొంతు కటువుగా లేదు. అలసటగా ఉంది. భవిత మళ్ళీ అడగలేదు. నళిని జల్లిగరిటెతో బూరెలు తీస్తూ భర్త చేతుల వైపు చూసింది. సబ్బు ఆయన వేళ్ళలోంచి జారి సింక్‌లో పడింది. ఆవిడ చూపు తిప్పుకుని నూనెలోకి చూసింది.

*

మంగళవారం రాత్రి చలి విరుచుకుపడింది. బుధవారమంతా నీళ్ళు గడ్డకట్టే చలే. గురువారం కాస్త ఎండ కాసింది. చెత్తడబ్బా వీధిలోకి లాక్కెళుతూ భవిత ఆగిపోయింది. పడవ వెనక రంధ్రంలోంచి ఇటుకరంగు నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్నాయి.

ఇంజన్ మూత తానే ఎత్తింది. మొదట ఏమీ కనబడలేదు. ఫోన్ లైటు వేసి వంగి చూసింది. రెండో వైపు, ప్లగ్‌కి బెత్తెడు పైన, ఇనుము మీద గీత ఉంది. వెంట్రుక అంటుకున్నట్టుంది. వేలితో తుడిచింది. పోలేదు. దాని అంచున ఇంకా కరగని మంచు సన్నగా బయటికి పొంగి ఉంది.

ఆమె కేకకి ఇద్దరూ వచ్చారు. రామమోహనరావు వంగి చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"ఏమైంది? ఏమైందంటున్నాను?" అంది నళిని.

"బ్లాక్ పగిలింది. ఇంజన్ పోయింది."

"అయ్యో! శనివారం శశికాంత్ వస్తున్నాడు కదండీ!" నళిని గొంతు లేచింది. "చిన్నపిల్ల చేతికి ఇస్తే ఇట్లాగే ఉంటుంది. ఏమ్మా, చదువుకున్నదానివి కదా, ఒక నీళ్ళు తీసే పని కూడా సరిగ్గా చెయ్యలేవా? ఎప్పుడూ ఆ ఫోన్ ధ్యాసే!"

భవిత నోరు తెరిచింది. రామమోహనరావు ఇప్పుడు చెబుతాడు అనుకుంది. ఆయన మూత దించాడు. దాని మీది కుంకుమ ఆయన చేతికి అంటింది. కోటుకి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇంజన్ సంగతి తెలిసి, డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి నిశాంత్ ఫోన్ చేశాడు. వాళ్ళబ్బాయి, ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు. నళిని స్పీకర్‌లో పెట్టింది.

"డాడ్, ఎవరు చేసింది వింటరైజింగ్, ఆ వాటర్ తీసేది? నువ్వా?"

నళిని ఫోన్ మీదికి వంగింది. "డాడీ కాదు నాన్నా. భవిత చేసింది."

"ఓకే, గుడ్. ఐ మీన్, నాట్ గుడ్. బట్ డాడ్, ఆగస్ట్‌లో మెయిల్‌బాక్స్ కొట్టావు కదా కార్‌తో. నేను చెప్పాను, ఇంకొక్కటి అయితే కీస్ ఇచ్చేయాలి అని. డ్రైవింగ్ లేదు, ఒంటరిగా ఉండడం లేదు. గుర్తుంది కదా?"

"గుర్తుంది," అన్నాడు రామమోహనరావు.

నళిని కాసేపు పడుకోవడానికి మేడెక్కాక ఆయన బేస్‌మెంట్ మెట్లు దిగి వచ్చాడు. ఆ మెట్లు ఆయన దిగడం భవిత ఎప్పుడూ చూడలేదు. రైలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, కింది మెట్టు మీదే కూర్చున్నాడు. భవిత ల్యాప్‌టాప్ మూసింది.

"ప్లగ్ తీశానమ్మా. అటువైపు నీళ్ళు రాలేదు. తీగ పెడదామంటే చెయ్యి నిలవలేదు. రాలేదు కదా, ఖాళీయే అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను."

భవిత మంచం అంచు మీదికి జరిగింది.

"శశికాంత్ అడిగితే నువ్వు మర్చిపోయానని చెప్పు. వాడికి తెలిస్తే నిశాంత్‌కి తెలుస్తుంది. వాళ్ళిద్దరూ వారానికోసారి మాట్లాడుకుంటారు."

"అంకుల్, ఆయన నాకు ఉద్యోగం..."

"అది నాకు వదిలెయ్. దానికీ దీనికీ సంబంధం లేదని నేను చెప్తాను. నా మాట వాడు కాదనడు." జేబులోంచి కుడిచెయ్యి తీసి రెండో చేత్తో పట్టుకున్నాడు. జేబులో లేనప్పుడు అది ఒక పిట్టలాగా కొట్టుకుంటోంది. "నిన్నెప్పుడైనా ఏదైనా అడిగానా?"

అడగలేదు. అద్దె అడగలేదు, ఎన్నాళ్ళుంటావని అడగలేదు. భవిత తలూపింది. ఆయన లేవబోతే మోచెయ్యి పట్టి లేపింది.

*

శనివారం శశికాంత్ నల్లటి పెద్ద కారులో వచ్చాడు. కరీంనగర్ మనిషి, గొంతు పెద్దది. కారు దిగుతూనే నవ్వడం మొదలుపెట్టాడు.

"నమస్తే డాక్టర్ సాబ్. వదినా, బాగున్నరా? బూరెల వాసన రోడ్డు దాంక వస్తుంది."

"అవి గుడికి చేసినప్పుడు మిగిలినవి. వేడి చేశాను," అంది నళిని.

ముందు పడవ చూశారు. శశికాంత్ లైటు వేసి పగులు చూసి, నాలుక చప్పరించి, ఇంట్లోకి వచ్చి సోఫాలో కూర్చున్నాడు. భవిత టీ ట్రే తెచ్చింది.

"ఏందమ్మా, నా ఇంజన్‌ని సంపింది నువ్వేనా?"

నవ్వుతూనే అడిగాడు.  భవిత రామమోహనరావు వైపు చూసింది. ఆయన తివాచీ వైపు చూస్తున్నాడు.

"అవునండీ. నీళ్ళు తీయడం మర్చిపోయాను."

"అరెరే. పూజ చేసి ఇంజన్ నడిపిచ్చిన్రంట, మల్ల నీళ్ళు తీస్తవని డాక్టర్ సాబ్ నీ మీద వదిలేసిన్రంట. వదినె చెప్పింది." కప్పు తీసుకున్నాడు. "పోనీ తియ్, ఇనుమే గదా. మనిషైతే పోలేదు. డాక్టర్ సాబ్, మీరు ఫోన్‌ల చెప్పిన అమ్మాయి ఈమెనేనా?"

"ఈమే," అన్నాడు రామమోహనరావు.

"ఊఁ." శశికాంత్ టీ తాగాడు. నవ్వు తగ్గింది గానీ మర్యాద తగ్గలేదు. "చూడమ్మా, మా దగ్గర పని అంటే రాత్రి సర్వర్ల కాడ ఒక్కతివే ఉండాలె. ఒక్క స్టెప్ మర్చిపోతే పొద్దుగాల క్లయింట్ నన్ను ఎల్లగొడ్తడు. ఇప్పుడైతే ఏం లేవు. జనవరిల ఓపెనింగ్ వస్తే చెప్త. సరేనా?"

జనవరికి ఆమె ఇక్కడ ఉండదని ఆ గదిలో అందరికీ తెలుసు. శశికాంత్‌కీ తెలుసు.

భవిత ఖాళీ ట్రేని గుండెకి ఆనించుకుని నిలబడింది. రామమోహనరావు ఇప్పుడు మాట్లాడాలి. ఆయన కప్పు ఎత్తాడు, టీ సాసర్‌లోకి ఒలికింది, మళ్ళీ దించేశాడు. గొంతు సవరించుకున్నాడు. 

"శశీ, డాలస్‌లో వర్షాలంట కదా?" అన్నాడు.

"అవ్ సార్. రేపు మధ్యాహ్నం ఫ్లైట్. క్యాన్సిల్ గాకుంటే సాలు."

బూరెలు డబ్బాలో పెట్టించుకుని అతను వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరిగే దాకా ముగ్గురూ గుమ్మంలో నిలబడ్డారు. రామమోహనరావు వెనక్కి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"టీ చల్లారింది భవితా. కొంచెం వేడి చేస్తావా?"

వేడి చేసి ఇచ్చింది. తర్వాత బేస్‌మెంట్‌లోకి దిగి మంచం మీద కూర్చుంది. లైటు వేయలేదు. పైన అడుగుల చప్పుడు, పళ్ళేలు తీస్తున్న చప్పుడు, టీవీలో సీరియల్ పాట. ఒంగోలు దగ్గర ఆమె ఊళ్ళో అప్పుడు తెల్లవారుతూ ఉంటుంది. అమ్మ నుంచి ఫోన్ మోగింది. ఎత్తలేదు. ఎత్తితే ఏం వండావని అడుగుతుంది, గొంతు విని ఏమైందని అడుగుతుంది. మోగి మోగి ఆగిపోయింది. సూట్‌కేస్ మంచం కింది నుంచి లాగి, మూత తెరిచి, ఖాళీగా ఉన్న దానిలోకి చూస్తూ ఉండిపోయింది. ఏమీ సర్దలేదు. 

*

ఆదివారం పొద్దున భవిత పైకి వచ్చేసరికి నళిని దోసెలు పోస్తోంది. మామూలుగా పెనం దగ్గర నిలబడేది భవిత. ఈరోజు పిలవకుండానే ఆవిడే పిండి తీసి, ఉల్లిపాయ తరిగి, పొయ్యి వెలిగించింది. రాత్రి నిద్రపోనట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రామమోహనరావు టేబుల్ దగ్గర స్పూన్‌తో చట్నీ కలుపుతున్నాడు.

"శశికాంత్ ఇవాళ డాలస్ వెళ్తున్నాడు. వచ్చాక మెల్లగా నచ్చజెప్తాను," అన్నాడు చట్నీతోనే చెప్పినట్టు. "ఎప్పుడొస్తాడో ఏమో. క్రిస్మస్ దాకా అక్కడే అనుకుంటా."

నళిని పెనం మీది దోసె మడిచింది.

"కూర్చోమ్మా," అంది నళిని. భవిత ముందు పళ్ళెం పెట్టి, పెనం మీది మొదటి దోసె అందులో వేసింది. ఆ ఇంట్లో మొదటి దోసె ఎప్పుడూ అంకుల్‌ది. "నెయ్యి వెయ్యనా?"

ఆవిడ ఆ మాట ఎప్పుడూ అడిగి ఎరగదు. నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడింది గానీ భవిత ముఖంలోకి చూడటం లేదు. తన చేతి గాజుల వైపు, పళ్ళెం అంచు వైపు చూస్తోంది. భవిత ఆ చూపు ఎక్కడెక్కడికి పోతోందో చూసింది. గురువారం డ్రైవ్‌వే మీద అరుస్తున్నప్పుడూ అది ఇలాగే, పగిలిన నిమ్మకాయ తొక్కల మీద ఉంది.

"ఆంటీ, నేను మర్చిపోయానని మీరు నిజంగా అనుకున్నారా?"

చట్నీ కలిపే స్పూన్ ఆగింది.

"ఆ సాయంత్రం నేను మీ పక్కనే ఉన్నాను. పూర్ణాలు చేస్తూ." భవిత గొంతు పెంచలేదు. పెంచడం ఆమెకి అలవాటు లేదు. "నేను వెళ్తానన్నాను. మీరే వద్దన్నారు. అంకుల్ చేతులు కడుక్కుంటుంటే మీరూ చూశారు."

నళిని నెయ్యి గిన్నె టేబుల్ మీద పెట్టింది. పెనం మీద రెండో దోసె అంచులు నల్లబడుతున్నాయి. పొగ లేచింది. ఆవిడ తిప్పలేదు. తర్వాత వెళ్ళి స్టవ్ కట్టేసింది. మాడిన దోసెని అట్లకాడతో గీకి చెత్తబుట్టలో వేసింది. చేతులు కడుక్కుని, టవల్‌తో ఒక్కో వేలూ తుడుచుకుంది.

"నేనేమన్నా కావాలని చేశానా," అన్నాడు రామమోహనరావు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. "నళినీ?"

ఆవిడ గోడ మేకుకి ఉన్న కారు తాళాలు తీసింది. నైట్ డ్రెస్ మీదే పొడుగు కోటు తొడుక్కుని మెడ దాకా జిప్ లాగింది. ఫోన్ తీసి టైమ్ చూసి జేబులో వేసుకుంది.

"ఎక్కడికి? శశికాంత్ ఇంటికా?" రామమోహనరావు లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ టేబుల్ అంచు పట్టుకున్నాయి. దాని మీది గ్లాసులో నీళ్ళు అలలుగా కదిలాయి. "వాడికి చెప్పకు నళినీ. నిశాంత్‌కి తెలిసిపోతుంది. మనల్ని ఈ ఇంట్లో ఉండనివ్వడు. నీకు తెలుసు కదా. నళినీ!"

నళిని గుమ్మం దగ్గర వంగి సాక్సులు లేని కాళ్ళకే చెప్పులు వేసుకుంది. ఒక చెప్పు పట్టీ కాలి కింద మడతపడింది. దాన్ని వేలితో సరిచేసుకుంది. నిటారుగా నిలబడి భర్త చేతుల వైపు ఒకసారి, చాలాసేపు చూసింది. తలుపు తీసింది. చలిగాలి వంటింటి దాకా వచ్చింది. ఆవిడ బయటికి వెళ్ళి, వెనక తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.